వంటయింటి జలదారి: పూడిక తీయు విధము

ఇంటిలోనికి నీరు వచ్చు మార్గమునందు మనకు గల శ్రద్ధ, ఆ నీరు వెలుపలికి పోవు మార్గమునందు లేదు. కుళాయి ఒక పూట రాకున్నచో పదిమందిమి కూడి పంచాయతీ కార్యాలయమునకు పోవుదుము. వంటయింటి తూములో నీరు నాలుగు దినములుగా నిలిచి నిలిచి దిగుచున్నను, "పోనిండు, మెల్లగా దిగునులే" యని యూరకుందుము. అట్లు ఊరకుండుట వలని ఫలితము సాధారణముగా పండుగనాడే తెలియును. ఇంటినిండ బంధువు లుందురు. బూరెల మూకుడు, పులిహోర పళ్ళెరములు, నేతిగిన్నెలు ఒక్కసారిగా తోముటకు వచ్చును. నీరు దిగదు. జిడ్డు తేలిన మురికినీరు తొట్టి యంచు దాటి గచ్చుమీదికి పొరలును. అప్పుడు కంగారుపడి యెవరో ఒకరు అంగడికి పరుగెత్తి, ఘాటైన మందు సీసాను తెచ్చి గుమ్మరింతురు. పూడిక కంటె గొప్ప యాపద అక్కడనే ఆరంభ మగును.

ఈ పనికి భయపడ నక్కరలేదు. బాగుచేయువాని కొఱకు రెండు దినములు కాచుకొని యుండ నక్కరలేదు. జలదారి ఎట్లు నిర్మింపబడినదో తెలిసికొన్నవారికి, అది ఏల పూడినదో తెలియును. ఏల పూడినదో తెలిసినవారికి, దానిని తీయుట ఒక గడియలోని పని. ఆ విషయములను వరుసగా తెలిసికొందము.

పూర్వపు ఏర్పాటు, నేటి ఏర్పాటు

మన పెద్దల కాలమున వంటయింటిలో సింకు లేదు. అంట్లు పెరటిలో, బావిగట్టు దగ్గర తోమెడివారు. బియ్యము కడిగిన నీరు, వార్చిన గంజి, కంచములలో మిగిలిన మెతుకులు కుడితి గోలెములోనికి పోయెడివి. అది పశువులకు ఆహారము. గిన్నెల జిడ్డును బూడిదయు కొబ్బరిపీచును తీసివేసెడివి. బూడిదలోని క్షారము జిడ్డును విడదీయును. పొడి బూడిద జిడ్డును పీల్చుకొనును. మిగిలిన కొద్ది నీరు అరటిపాదులోనికో, చేమదుంపల మడిలోనికో పారెడిది. నీటిని చేదుకొని, బిందెలతో మోసికొని రావలసి యుండుటచే ఎవ్వరును దానిని వృథాగా పోసెడివారు కారు. పూడుటకు అక్కడ గొట్టమే లేదు.

నేడు స్థితి మారినది. తెలంగాణమున 2016 ఆగస్టులో మిషన్ భగీరథ ప్రారంభమైనది. 2019 ఆగస్టు 15న ప్రకటింపబడిన జల జీవన్ మిషన్, పల్లెలలోని ప్రతి యింటికి కుళాయి ద్వారా మనిషి యొక్కరికి దినమునకు 55 లీటర్ల నీరు అందవలెనని లక్ష్యముగా పెట్టుకొన్నది. అయిదుగురు గల కుటుంబమునకు ఈ లెక్కన 275 లీటర్లు. ఇంత నీరు ఇంటిలోనికి వచ్చిన తరువాత అందులో అధికభాగము వాడినదై వెలుపలికి పోవలెను గదా. ఇంటిలో గ్రానైటు బండ, స్టీలు తొట్టి, ప్లాస్టిక్కు గొట్టము అమరినవి. కాని కుడితి గోలెము పోయినది. పశువుల కొట్టము పోయినది. పూర్వము గోలెములో పడవలసిన గంజియు మెతుకులును ఇప్పుడు ఒకటిన్నర అంగుళముల గొట్టములో పడుచున్నవి. పూడికకు మూలకారణ మిదియే.

జలదారి యొక్క అంగములు

సింకు క్రిందికి వంగి చూచినచో నాలుగు భాగములు కనబడును. మొదటిది తొట్టి యడుగున నుండు జాలీ. రెండవది దాని క్రింద బిగింపబడిన నిలువు గొట్టము. మూడవది వంపు, దీనినే పనివారు ట్రాప్ అందురు. నాలుగవది గోడలోనికో నేలలోనికో పోయి, ఇంటి వెలుపల తేలు పొడవైన గొట్టము.

వీనిలో వంపు మిక్కిలి ముఖ్యమైనది. అనేకులు దీనిని చూచి, "గొట్టమును తిన్నగా పెట్టక ఈ మెలిక ఎందులకు?" అని తలంతురు. ఆ మెలికలో ఎల్లప్పుడును కొంత నీరు నిలిచి యుండును. ఆ నీరే ఒక తలుపు. వెలుపలి మురుగు యొక్క దుర్గంధమును, బొద్దింకలను అది ఇంటిలోనికి రానీయదు. 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ అను గడియారముల పనివాడు లండనులో మరుగుదొడ్డికి ఇట్టి వంపుగొట్టమును అమర్చి, దానిపై హక్కుపత్రమును పొందెను. నాటినుండి నేటివరకు ఈ సూత్రము మారలేదు. కొన్ని సింకులకు వంపునకు బదులు చిన్న సీసా వంటి పాత్ర యుండును. దానిని బాటిల్ ట్రాప్ అందురు. పని ఒక్కటే.

పల్లెలలోని అనేక గృహములలో ఈ రెండును ఉండవు. ముడుతలు గల మెత్తని ప్లాస్టిక్కు గొట్టమును తొట్టికి తగిలించి, నేలలోని రంధ్రమున దూర్చెదరు. దీనికి ధర తక్కువ. కాని ప్రతి ముడుతలోను మడ్డి పట్టును. నీటి తలుపు లేనందున వాసనయు వచ్చును. ఇట్టి గొట్టమే యున్నవారు దానిని ఒకచోట క్రిందికి వంచి, మరల పైకి లేపి, త్రాటితో గట్టిగా కట్టినచో ఆ వంపులో నీరు నిలిచి తలుపు ఏర్పడును. వంపు దాటిన తరువాత గొట్టము మరెక్కడను వేలాడరాదు. వెలుపలికి పోవు గొట్టమునకు అడుగు పొడవునకు పావు అంగుళము చొప్పున వాలు ఉండవలెను. వాలు లేనిచోట నీరు నిలుచును; నీరు నిలిచినచోట మడ్డి పేరుకొనును.

పూడిక దేనితో ఏర్పడును?

ఒక్క వస్తువు వలన గొట్టము పూడుట అరుదు. సాధారణముగా నాలుగు పదార్థములు కలిసి ఒక ముద్ద యగును.

మొదటిది జిడ్డు. నేయి, వనస్పతి, పామోలిన్ నూనె వేడిగా నున్నప్పుడు నీటివలె పారును. గొట్టములో చల్లబడగానే గడ్డకట్టి లోపలి గోడలకు అంటుకొనును. కావుననే పుష్య మాఘ మాసములలో పూడికలు ఎక్కువ.

రెండవది గంజి. బియ్యములోని పిండిపదార్థము ఉడికి చల్లారినప్పుడు జిగురగును. కాగితము లంటించుటకు గంజిని వాడువారికి దీని శక్తి తెలియనిది కాదు. గొట్టములో పడిన మెతుకులు నీటిలో నాని ఉబ్బును.

మూడవది సబ్బు తెట్టు. మన గ్రామములలో అనేకచోట్ల బోరునీరు సున్నపు పాలు అధికముగా గల గట్టినీరు. అందులో సబ్బు కలిసినప్పుడు తెల్లని తెట్టు ఏర్పడి, నీట కరుగక, జిడ్డుతో చేరును.

నాలుగవది ఇసుక, బూడిద, టీపొడి, గ్రుడ్డు పెంకులు, గిన్నెలు తోము పీచు ముక్కలు. ఇవి పై మూటిని గట్టిపరచును. సున్నములో ఇసుక చేరినట్లే. పూర్వము పెరటిలో మేలు చేసిన బూడిదయే నేడు సింకు గొట్టములో కీడు చేయుచున్నది. బూడిదతో తోమువారు ఆ పనిని పెరటిలోనే చేయవలెను.

ముందుగా పరీక్షింపుడు

వైద్యుడు నాడి చూచి మందిచ్చునట్లు, ముందు పూడిక ఎక్కడ నున్నదో కనుగొని పిమ్మట పనికి పూనుకొనవలెను.

సింకులోని నీరు మాత్రమే నిలిచి, స్నానపు గదిలోని నీరు చక్కగా పోవుచున్నచో పూడిక సింకు క్రింది వంపులోనో దానికి దాపుననో ఉన్నది. నూటికి హెచ్చుపాలు ఇట్టివే. రెండు చోట్లను నీరు నిలిచినచో పూడిక వెలుపలి గొట్టములో నున్నది. సింకులో నీరు పోసినప్పుడు స్నానపు గది తూములో గుడగుడ మని చప్పుడైనచో, అదియు వెలుపలి పూడికకే గుర్తు.

కనుక సింకు క్రిందికి వంగుటకు ముందు ఇంటి వెలుపలికి పోయి గొట్టము చివరను చూడుడు. మన గ్రామములలో గొట్టపు కొన వీథికాలువలోనో పెరటి గుంటలోనో తెరచి యుండును. కాలువలో ఒండ్రు పెరిగి ఆ కొనను కప్పివేయవచ్చును. అరటి వేళ్ళో, గడ్డి వేళ్ళో లోనికి దూరవచ్చును. ఒక్కొక్కప్పుడు కప్పయో ఎలుకయో చొచ్చి లోపలనే చచ్చి యుండవచ్చును. ఒండ్రును పారతో తీసి, కొననుండి ఒక బెత్తెడు క్రిందికి కాలువను శుభ్రము చేసినంతనే అనేక గృహములలో నీరు పారును. లోపల గంటసేపు శ్రమపడి, వెలుపల నున్న గుప్పెడు బురదను చూడకుండుట వివేకము కాదు.

పూడిక తీయు క్రమము

ఈ క్రిందివానిలో సులభమైన దానిని ముందు చేసి, అది ఫలింపనిచో తరువాతి దానికి పోవలెను. చేతులకు రబ్బరు తొడుగులుండుట మంచిది. లేనిచో పని ముగిసిన పిమ్మట సబ్బుతో మోచేతుల దాక కడుగుకొనవలెను.

మొదటి మెట్టు: తొట్టిలో నిలిచిన నీటిని చెంబుతో బకెట్టులోనికి తోడివేయుడు. జాలీని తీసి, దాని క్రింద చిక్కిన మెతుకులను, కరివేపాకును, పీచును వ్రేళ్ళతో తీయుడు. ఆ చెత్తను మరల తొట్టిలో పడనీయక పెంటకుప్పకు చేర్పుడు.

రెండవ మెట్టు: రెండు లీటర్ల వేడినీటిలో ఒక గుప్పెడు చాకలి సోడాను కరగించి మెల్లగా పోయుడు. చాకలి సోడా జిడ్డును విడదీయును. నీరు ఎంత వేడిగా నుండవలెను? పొగలు గ్రక్కుచు మరుగుచున్న నీటిని ప్లాస్టిక్కు గొట్టములో పోయరాదు. ఆ వేడికి గొట్టము మెత్తబడి వంగును, అతుకులు వదలును. స్నానపు నీటికంటె కొంచెము హెచ్చుగా, చేతికి చుఱుక్కుమను వేడి చాలును. పావుగంట యాగి, మరల వేడినీటిని పోయుడు. జిడ్డు మాత్రమే కారణమైనచో ఇంతటితో దారి తెరచుకొనును.

వంటసోడాను వేసి, దానిపై నిమ్మరసమో వెనిగరో పోసినచో పూడిక పోవునని అనేకులు చెప్పుదురు. నురుగు పొంగును గాన చూచుటకు బలముగా పనిచేసినట్లు తోచును. నిజమునకు ఆ రెండును ఒకదాని బలమును మరొకటి హరించుకొనును. పుట్టిన వాయువు తెరచిన నోటినుండి పైకి పోవును. హాని లేదు, గట్టి పూడికపై ప్రయోజనమును అంతగా లేదు.

మూడవ మెట్టు: కఱ్ఱపిడి గల రబ్బరు గిన్నె హార్డువేర్ దుకాణములో స్వల్పమైన ధరకు లభించును. దీనిని ప్లంజర్ అందురు. తొట్టిలో గిన్నె యంచు మునుగునట్లు రెండు మూడు అంగుళముల నీరు నింపుడు. తొట్టి గోడకు పైభాగమున చిన్న రంధ్ర ముండినచో దానిని తడిగుడ్డతో గట్టిగా మూయుడు. జంట తొట్లయినచో రెండవ తూమును కూడ మూయవలెను. లేనిచో మన బలమంతయు ఆ దారిన పోవును. రబ్బరు గిన్నెను తూముపై సరిగా కూర్చుండబెట్టి, ఎత్తకుండ పదిహేను ఇరువది మారులు క్రిందికి మీదికి అదిమి, చివరను ఒక్క ఊపున పైకి లాగుడు. నెట్టుట వలన ఎంత లాభమో లాగుట వలనను అంత లాభము. ముద్ద ముందునకు వెనుకకు కదలి విచ్చిపోవును. మూడు నాలుగు పర్యాయములు ఇట్లు చేయవలెను.

నాలుగవ మెట్టు: ఇంకను నీరు దిగనిచో వంపును విప్పవలెను. పని ఘనముగా కనబడును గాని, ప్లాస్టిక్కు వంపుల మరలు చేతితోనే వదలును. ముందు దాని క్రింద బకెట్టు నుంచుడు. లోపలి నీరంతయు ఒక్కసారిగా పడును. వంపునకు రెండు కొనల నున్న మరలను, సీసా రూపమైనచో అడుగు మూతను, నెమ్మదిగా త్రిప్పి విప్పుడు. మరలోపల రబ్బరు పట్టీ ఏ ముఖముతో ఎటు కూర్చున్నదో చూచి జ్ఞాపకముంచుకొనుడు. అది పడిపోయినను, తలక్రిందులైనను నీరు కారును. వంపులోని నల్లని ముద్దను పుల్లతో తీసి, పాత బ్రష్షుతో తోమి, పెరటిలో కడుగుడు. దానిని మరల సింకులోనే కడుగుట మరచిపాటున అందరును చేయు తప్పు. వంపు లేదు గనుక ఆ నీరు నేరుగా మన పాదములపై పడును!

అయిదవ మెట్టు: వంపు శుభ్రముగనే యున్నచో పూడిక గోడలోని గొట్టమున నున్నది. దీనికి పొడవైన స్ప్రింగు తీగ దుకాణములలో దొరకును. దానిని వంపు తీసిన చోటినుండి గొట్టములోనికి త్రిప్పుచు పోనీయవలెను. తగిలినచోట బలముగా పొడువక, త్రిప్పుచు ముందునకు వెనుకకు ఆడింపుడు. పొడిచినచో మూలమలుపు పగులవచ్చును. వెలుపలి కొన దగ్గరగా నున్నచో, అటునుండి తోటకు నీరు పెట్టు రబ్బరు గొట్టమును దూర్చి నీటిని వదలుటయు మంచి ఉపాయము. అప్పుడు లోపల వంపు తీసినచోట బకెట్టు నుంచి, ఒక మనిషి కనిపెట్టుకొని యుండవలెను.

తుది మెట్టు: భాగములను మరల బిగించి, మరలను చేతి బిగువుకు మించి బిగింపక, అతుకుల క్రింద పొడి కాగితమును పరచుడు. తొట్టిని సగము నింపి ఒక్కసారిగా వదలుడు. నీరు సుడి తిరుగుచు దిగి, కాగితము పొడిగా నున్నచో పని చక్కగా ముగిసినది. ఒక్క చుక్క కనబడినను మరను విప్పి రబ్బరు పట్టీని సరిచేయవలెను.

ప్రాణాపాయము గలిగించు పనులు

ఈ భాగమును చదువనివారికి చదివి వినిపింపవలెనని మనవి.

పూడిక తీయు మందులలో అనేకములు కాస్టిక్ సోడాతో చేయబడినవి. అది నీట పడగానే మిక్కిలి వేడి పుట్టించును. జిడ్డును సబ్బుగా మార్చును. జిడ్డును తినునది మన చర్మమును కూడ తినును. ఒక్క తుంపర కంట పడినచో చూపు పోవచ్చును. పిల్లలు దానిని పంచదార యనియో, ఉప్పు అనియో నోట వేసికొన్నచో గొంతుకయు అన్నవాహికయు కాలి, బ్రదికినను జీవితాంతము మింగుటకు కష్టపడవలసి వచ్చును. సాధ్యమైనంత వరకు ఈ మందు జోలికి పోకుండుటయే మేలు. పై మెట్లలో దేనికిని దాని యవసరము లేదు.

వాడక తప్పనిచో కొన్ని నియమములు గలవు. డబ్బాపై వ్రాసిన సూచనలను చదివి, చెప్పిన కొలతకు మించి వేయరాదు. ముఖమును తొట్టిమీదికి వంచరాదు. కంటికి అద్దములు, చేతికి తొడుగులు ఉండవలెను. సత్తు గిన్నెలకు దానిని తగులనీయరాదు; అల్యూమినియముతో చేరి అది మండు స్వభావము గల వాయువును పుట్టించును. మందు వేసిన తరువాత నీరు దిగలేదని రబ్బరు గిన్నెతో అదుమరాదు, వంపును విప్పరాదు. ఆ నీరు ముఖముపై చిమ్మును. మందు వేసిన సంగతిని బాగుచేయ వచ్చిన పనివానికి ముందుగా చెప్పవలెను. చెప్పకుండుట అతనికి ద్రోహము చేయుటయే.

ఒక మందు పనిచేయలేదని మరొక మందును దానిపై పోయుట అన్నిటికంటె గొప్ప తప్పు. బ్లీచింగు పౌడరు, మరుగుదొడ్లు కడుగు యాసిడ్డు అనేక గృహములలో ప్రక్కప్రక్కనే యుండును. ఆ రెండును కలిసినచో క్లోరిన్ వాయువు పుట్టును. మొదటి ప్రపంచయుద్ధమున 1915 ఏప్రిల్ 22న బెల్జియము దేశమందలి ఈప్రె పట్టణము వద్ద జర్మను సేనలు శత్రువులపైకి వదలిన విషవాయువు ఇదియే. గాలి యాడని చిన్న వంటయింటిలో అది ఊపిరితిత్తులను దహించును. యాసిడ్డును కాస్టిక్ సోడాపై పోసినను ద్రవము ఉడికి పైకి చిమ్మును. దుర్వాసనతో కూడిన ఘాటు తగిలిన వెంటనే అన్ని పనులను వదలి, అందరును వెలుపలికి పోవలెను.

మందు ఒంటిపై పడినచో తడిసిన బట్టను తీసివేసి, పారు నీటితో కనీసము ఇరువది నిమిషములు కడుగవలెను. కంట పడినను అట్లే రెప్పలు తెరచి కడుగవలెను. నిమ్మరసము, పసుపు, వెన్న మున్నగునవి పూయరాదు. త్రాగినవారిచేత వాంతి చేయింపరాదు; క్రిందికి పోవునప్పుడు కాల్చినది పైకి వచ్చునప్పుడు మరల కాల్చును. 108కి ఫోను చేసి, మందు డబ్బాను కూడ ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఇట్టి మందులను త్రాగునీటి సీసాలలోను, శీతలపానీయపు సీసాలలోను పోసి దాచుట ఎన్నటికిని కూడదు.

మరియొక మాట. కొన్ని గృహములలో సింకు నీరు మరుగుదొడ్డి ట్యాంకుతో కలుపబడి యుండును. పూడిక అక్కడ నున్నదని తోచినచో ఎవ్వరును అందులోనికి దిగరాదు, ఎవ్వరిని దింపరాదు. అందలి విషవాయువు రెండు నిమిషములలో మనిషిని పడవేయును. అతనిని రక్షింప దిగినవాడును పడిపోవును. రక్షణ సాధనములు లేక మనుష్యులను అట్టి పనికి నియోగించుట 2013లో చేయబడిన చట్టముచే శిక్షార్హమైన నేరము. యంత్రముతో తోడించుటయే తగిన మార్గము.

గొట్టము చివర ఏమగుచున్నది?

మన యింటి పూడిక పోయినంతనే మన బాధ్యత తీరలేదు. ఆ నీరు వీథిలో నిలిచినచో, మన వంటయింటి కష్టమును పొరుగువాని వాకిటికి చేర్చినవారమైతిమి. మురికినీటిలో పెరుగు క్యూలెక్స్ దోమ బోదకాలు వ్యాధిని వ్యాపింపజేయును. బోదకాలు వచ్చిన కాలు మరల యథాస్థితికి వచ్చుట లేదు. పల్లెలలో కాలువ నీటిని గూర్చిన తగవులు పొలము గట్టు తగవులకు తీసిపోవు.

పెరడు గలవారు ఇంకుడు గుంటను త్రవ్వుకొనవచ్చును. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు లోతు గల గుంటను త్రవ్వి, అడుగున పెద్దరాళ్ళు, వానిపై పిడికెడంత రాళ్ళు, ఆపై కంకర వేసి, గోనెపట్టా పరచి, మన్ను కప్పవలెను. గొట్టపు నీరు గుంటలోనికి పోవుటకు ముందు ఒక చిన్న తొట్టిలో పడునట్లు చేయవలెను. అందులో మడ్డి అడుగున దిగును, జిడ్డు పైన తేలును, నడుమనున్న నీరు మాత్రము గుంటలోనికి పోవును. ఆ తొట్టిని పక్షమున కొకమారు శుభ్రపరచినచో గుంట చిరకాలము పనిచేయును. శుభ్రపరుపనిచో జిడ్డు నేల రంధ్రములను మూసివేయును, అప్పుడు గుంటయే పూడును.

త్రాగునీటి బావికి గాని బోరుకు గాని పది మీటర్ల లోపల ఇంకుడు గుంట ఉండరాదు. నీరు పైపైననే తగులు డెల్టా గ్రామములలోను, నీరు ఇంకని నల్లరేగడి నేలలలోను ఇది సరిగా పనిచేయదు. అట్టిచోట్ల అరటి, చేమ, సొర పాదులకు నీటిని మళ్ళించుట యుక్తము. కాస్టిక్ సోడాయు యాసిడ్డును పోయని యింటి నీరే పాదులకు పనికివచ్చును. స్థలము లేని వీథులకు అందరును కలిసి ఒక గుంటయో కాలువయో కావలెను. 2020లో ఆమోదింపబడిన స్వచ్ఛ భారత్ మిషన్ గ్రామీణ రెండవ దశలో మురికినీటి నిర్వహణ కూడ చేర్చబడినది. ఈ విషయమును గ్రామసభలో ప్రస్తావింపవలెను.

నిత్యము పాటింపవలసినవి

పూడిక తీయుట కంటె పూడకుండ చూచుకొనుట సులభము. కంచములలోని మెతుకులను కడుగుటకు ముందే చేతితో ఊడ్చి పశువులకో పెంటకో వేయుడు. మూకుడులోని జిడ్డును పాత కాగితముతో తుడిచి పిమ్మట తోముడు. మాడిన నూనెను సింకులో పోయరాదు. గంజిని వార్చినవారు పశువులు గల యింటికి దానిని పంపినచో ఇరువురకును లాభము. తూముపై సన్నని జాలీ నెల్లప్పుడును ఉంచుడు. నీరు దిగుట లేదని దానిని తీసి ప్రక్కన పెట్టువారే తరచుగా పూడిక తెచ్చుకొందురు. వారమున కొకమారు రాత్రి పని ముగిసిన తరువాత సోడా కలిపిన వేడినీరు పోయుడు. మూడు నెలల కొకమారు వంపును విప్పి కడుగుడు.

ఈ పనులన్నియు ఇల్లాలి వంతు అని పురుషులు తలపరాదు. అన్నము తిన్న ప్రతివాని కంచమును ఆ గొట్టమునకు చేరును. బడికి పోవు పిల్లలకు వంపును విప్పి చూపినచో, నీటి తలుపు ఎట్లు పనిచేయునో వారు కన్నులార చూతురు. పుస్తకములోని పాఠము కంటె అది ఎక్కువకాలము నిలుచును. తన యింటి మురికి ఏ దారిని పోవుచున్నదో తెలిసినవాడు ఆ దారి చివర నున్న పొరుగువానిని కూడ తలచును. గ్రామ పారిశుద్ధ్యమునకు అదియే మొదటి మెట్టు.

చదివినవారు ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. మీ యింటి సింకు క్రింద నీటి తలుపు ఉన్నదా? లేనిచో ఎట్లు ఏర్పరచుకొందురు?

2. సింకులో మాత్రమే నీరు నిలిచినప్పుడును, స్నానపు గదిలో కూడ నిలిచినప్పుడును పూడిక ఎక్కడ నున్నదని చెప్పుదురు?

3. మరుగుచున్న నీటిని ప్లాస్టిక్కు గొట్టములో ఏల పోయరాదు?

4. బ్లీచింగు పౌడరును యాసిడ్డును మీ యింట ఎక్కడ దాచుచున్నారు? అవి పిల్లల చేతికి అందునా?

5. మీ గొట్టపు నీరు చివరకు ఎవరి వాకిట నిలుచుచున్నది?